శనికి పట్టిన శని

లెక్క చాలా సులువు. శని సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దాదాపు 29.5 ఏళ్ళు పడుతుంది. 12 రాశులు కాబట్టి ఒక్కో రాశిలో ఇంచుమించు రెండున్నరేళ్ళు. మన జన్మరాశికి ముందుది, మనది, తర్వాతది కలిపితే ఏడున్నరేళ్ళు, అదే ఏలినాటి శని. అంటే ఏ రోజు చూసినా సుమారు నలుగురిలో ఒకరికి శని పట్టే ఉంటుంది. అష్టమ శని, అర్ధాష్టమ శని కూడా కలిపితే 12 రాశుల్లో 5 రాశులవాళ్ళు. ఇంతమందికి ఎప్పుడు చూసినా ఎర్రర్ చూపించే మానిటర్‌ని మా ఆఫీసులోనైతే మొదటి వారంలోనే ఆపేస్తారు.

అయినా మందపల్లి వెళ్ళాను. అమ్మ అడిగింది కాబట్టి వెళ్ళానంటే అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు.

మందపల్లి కోనసీమలో, కొత్తపేట మండలంలో ఉంది. అందరూ శనీశ్వరుడి గుడి అంటారు గానీ గర్భగుడిలో ఉన్నది శివలింగం. శని ప్రతిష్ఠించాడు కాబట్టి మందేశ్వరుడు. మందుడంటే నెమ్మదిగా నడిచేవాడు, శనైశ్చరుడన్నా అదే. కంటికి కనిపించే గ్రహాల్లో అన్నిటికంటే నెమ్మదిగా కదిలేది ఇదేనని టెలిస్కోపు లేని రోజుల్లోనే గమనించినవాళ్ళు పెట్టిన పేరు. ఎంత మర్యాదైన పేరో చూడండి. ‘నీ నోట్లో శని ఉందిరా’, ‘శనిలా దాపురించాడు’ లాంటివి మనం చేర్చుకున్నవి. శనివారమూ త్రయోదశీ కలిసొస్తే అక్కడ జనం విరగబడతారు, తైలాభిషేకాలు చేయిస్తారు. నువ్వుల నూనె వాసన బట్టలకి పట్టుకుని ఇంటిదాకా వస్తుంది.

శని శిక్షించడు, మన కర్మకి తగిన ఫలితం ఇస్తాడు, ఆయన న్యాయమూర్తి అని పెద్దవాళ్ళు చెప్తారు. సరే, న్యాయమూర్తికి నూనె ఎందుకు? పోస్తే శిక్ష తగ్గుతుందంటే ఆయన న్యాయమూర్తి కాదు. తగ్గదంటే నూనె దండగ. ఈ మాటే అమ్మతో అంటే, ‘తగ్గదురా, ఓర్చుకునే ఓపిక వస్తుంది’ అంది. నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే మంచి సమాధానం దొరకలేదు. కాబట్టి నూనె సంగతి వదిలేస్తున్నాను.

నన్ను ఇబ్బంది పెట్టింది దానం. నల్ల నువ్వులు, నల్ల బట్ట, ఇనుము దానమిస్తే దోషం పోతుందంటారు. పోయి ఎక్కడికి వెళ్తుంది? పుచ్చుకున్నవాడికి. ఇది నేను అల్లింది కాదు. శని దానం పట్టడానికి అందరూ ముందుకు రారు, పట్టినవాళ్ళు ఆ తర్వాత జపం చేసుకోవాలంటారు. మా ఇంట్లో ఇప్పటికీ నూనె గిన్నె చేతికి చెయ్యి అందించరు, కింద పెడితే తీసుకుంటారు. కానీ దానం పట్టేవాడు ‘కింద పెట్టండి’ అనలేడు. అతనికి ఆ పూట దక్షిణ కావాలి. ఇదంతా ఉత్త మూఢనమ్మకమైతే ఎవరికీ నష్టం లేదు, ఒకాయనకి నాలుగు డబ్బులు ముట్టాయి. నిజమైతేనే ఘోరం. మన కీడుని డబ్బు అవసరమున్న ఇంకో మనిషికి తెలిసి తెలిసి అంటగట్టినట్టు. నమ్మనివాడి కంటే నమ్మి ఇచ్చేవాడే ఇక్కడ ఎక్కువ జవాబు చెప్పుకోవాలి.

తమాషా ఏంటంటే, ఆ గుడి స్థలపురాణం దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. అశ్వత్థుడు, పిప్పలుడు అని ఇద్దరు రాక్షసులు, కైటభుడి కొడుకులు. ఒకడు రావిచెట్టు రూపంలో ఉండి దగ్గరికొచ్చినవాళ్ళని, ఇంకొకడు బ్రాహ్మణ వేషంలో ఉండి వేదం నేర్చుకోడానికొచ్చినవాళ్ళని మింగేసేవారు. ఋషులు వెళ్ళి శనిని బతిమాలారు. శని ఇద్దర్నీ చంపాడు. చంపాక బ్రహ్మహత్యా దోషం పోగొట్టుకోడానికి అక్కడ శివలింగం పెట్టి పూజించాడు. బ్రహ్మహత్య అన్న మాటలోని కులం లెక్క నాకూ కనిపిస్తూనే ఉంది. అది ఒప్పుకుంటూనే మిగతాది చూడండి. అవతలివాళ్ళు హంతకులు, చంపమన్నది ఋషులు, చంపకపోతే ఇంకొందరు పోయేవారు. ఏ కోర్టైనా వదిలేస్తుంది. శని మాత్రం తనని వదిలేసుకోలేదు. ‘మీరు అడిగారు కాబట్టి పాపం మీదే’ అని ఋషుల నెత్తిన రుద్దలేదు. నువ్వులు మూటగట్టి ఎవరికీ ఇవ్వలేదు.

ఇంగ్లండుకి చెందిన తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1976లో నైతికతలో అదృష్టం పాత్ర గురించి రాసిన వ్యాసంలో ఒక లారీ డ్రైవరు ఉంటాడు. తన తప్పేమీ లేకుండా ఒక పిల్లవాడి చావుకి కారణమవుతాడు. ‘నీ తప్పు కాదయ్యా’ అని అందరూ అంటారు, అనాలి కూడా. కానీ అతను మరీ తొందరగా ‘అవును, నాది కాదు’ అని తేలిగ్గా లేచి వెళ్ళిపోతే మనకే అదోలా ఉంటుంది. తప్పు లేకపోవడం వేరు, సంబంధం లేకపోవడం వేరు. మందపల్లి కథలో శనికి ఈ తేడా తెలుసు.

నాకిది పుస్తకాల గొడవ కాదు. ఒక ఏడాది మా టీమ్‌లో ఒకరిని అట్టడుగు రేటింగులో పెట్టాలని పైనుంచి వచ్చింది. పెట్టాను. కొలతలన్నిట్లోనూ అతనే వెనకపడ్డాడు. రెండు నెలలకి ఉద్యోగం పోయింది. అప్పటికి అతనికి చంటిపిల్ల ఉందని నాకు తెలుసు. మళ్ళీ చెయ్యమన్నా అదే పేరు రాస్తాను, న్యాయంగా రాయాల్సిన పేరు అదే. కానీ సబ్‌మిట్ నొక్కిన వేలు నాది. తర్వాత వారమంతా ఆఫీసులో నేను విన్నవన్నీ నువ్వుల దానాలే. ‘కంపెనీ పాలసీ’, ‘బెల్ కర్వ్’, ‘మార్కెట్ బాగోలేదు’. మేనేజరు హెచ్ఆర్‌కి ఇచ్చాడు, హెచ్ఆర్ మార్కెట్‌కి ఇచ్చింది. మార్కెట్‌కి చేతులుండవు కాబట్టి అది వద్దనదు.

మందపల్లిలో అభిషేకం చేయించాను. దానం దగ్గరికొచ్చేసరికి, బయట కూర్చున్న పెద్దాయనకి దక్షిణ మాత్రం ఇచ్చాను. ‘నువ్వులేవి బాబూ?’ అన్నారాయన. ‘నా దగ్గరే ఉంటాయండీ’ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, అమ్మకి అయ్యింది గానీ నచ్చలేదు. దారంతా మాట్లాడలేదు. మూటని వంటింట్లోకి రానివ్వలేదు. ఇంకా బాల్కనీలోనే ఉంది, వాషింగ్ మెషీన్ మీద.