తలుపు వేశాక లోపల దీపం ఉందా?

ఆన్‌సైట్‌ పని మీద డాలస్‌లో ఉన్నప్పుడు ఓ శనివారం మధ్యాహ్నం బెల్ మోగింది. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల నేమ్ ట్యాగ్. ఇద్దరు మార్మన్ మిషనరీలు. ఒకబ్బాయికి 19 ఏళ్లు, బ్రెజిల్ నుంచి వచ్చాడు.

"నాకు ఆసక్తి లేదండి" అన్నాను. ఎండలో ఉన్నారు కదా అని మంచినీళ్లిచ్చాను. తాగుతూ వాళ్ల దినచర్య చెప్పారు.

అబ్బాయిలకు 2 ఏళ్ల సేవ. ఏ దేశమో వాళ్లు ఎంచుకోరు, చర్చే పంపిస్తుంది. పొద్దున 6:30కి లేవడం, వ్యాయామం, ప్రార్థన, గ్రంథ పఠనం. రాత్రి 10:30కి నిద్ర. ఎక్కడికెళ్లినా జతవాడు పక్కనుండాలి. డేటింగ్ లేదు. ఇంటికి ఫోన్ వారానికోసారి. 2019కి ముందు ఏడాదికి రెండుసార్లే. ఖర్చు చాలావరకు సొంత డబ్బో, ఇంట్లోవాళ్లదో. ఇంతా చేస్తే రోజంతా ఎక్కువగా మూసిన తలుపులే.

మరి ఇది నిష్కామ కర్మేనా? పూర్తిగా కాదనే నా అభిప్రాయం. నన్ను వాళ్ల మతంలోకి తేవాలన్న కోరిక అందులో ఉంది. దానికి నా జవాబు ఎప్పటికీ "వద్దు" అనే. నా ఇష్టదైవం నాకున్నాడు.

అయినా ఆ నియమాన్ని చూసి సిగ్గేసింది. ఇష్టదైవం ఉన్నాడని గట్టిగా చెప్పే నేను, ఆ వారంలో దీపం పెట్టింది ఒక్కరోజే. అడిగితే రిలీజ్ ఉందంటాను, నిద్ర చాల్లేదంటాను.

ఎదుటివాడి లక్ష్యాన్ని కాదనొచ్చు, అతని నిష్ఠ నుంచి నేర్చుకోవచ్చు కూడా. తలుపు వేయడం తేలికే. వేశాక లోపల దీపం వెలుగుతోందా? ఈరోజు సాయంత్రం మీరూ ఒకసారి చూసుకోండి.