ఆపద - ప్రమాదము

ఆపదమొక్కులవాడని శ్రీ వేంకటేశ్వరునకు ప్రసిద్ధి. ఆపద యనగా నేమి? వ్యవహారమున ఆపద, అపాయము, ప్రమాదము అను మాటలను మనము ఒకే యర్థమున వాడుచున్నాము. సంస్కృతమున వీనికి భేదము కలదు. వచ్చి మీద బడునది ఆపద. ఉన్నది తొలగిపోవుట అపాయము. ప్రమాదమనగా ఏమరుపాటు. ఆపద వెలుపలినుండి వచ్చును. ప్రమాదము మనలోనే పుట్టును.

మకరి గజేంద్రుని పట్టుట ఆపద. పరీక్షిన్మహారాజు ఆకలిదప్పులకు లోబడి శమీకమహర్షి మెడలో మృతసర్పమును వేయుట ప్రమాదము. ఆ రాజు శాపవార్త వినకమునుపే తన తప్పునకు పరితపించెను. విన్న పిదప విధిని దూరక, గంగాతీరమున భగవత్కథాశ్రవణమునకు కూర్చుండెను. ప్రమాదమే మృత్యువని సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు బోధించెను.

కొన్నేండ్ల క్రిందట ఒక క్షేత్రమున, పుష్కరిణి మెట్లపై స్తోత్రము చెప్పుకొనుచు దౌహిత్రుని చేయి విడిచితిని. బాలుడు నీటిలోనికి జారెను. ఎవరో యాత్రికుడు పట్టి పైకి లాగెను. "ఆపద తప్పినది, స్వామి కాపాడినాడు" అంటిని. మా అమ్మాయి బిడ్డ తల తుడుచుచు, "స్వామి కాపాడిన మాట నిజమే నాన్నగారూ, చేయి విడిచినది ఎవరండీ?" అన్నది. నా పాండిత్యమున దానికి బదులు లేకపోయెను.

ప్రపన్నునకు భగవానుడే ఉపాయము. అయినను శరణాగతికి ప్రాతికూల్యవర్జనమును అంగముగా పెద్దలు చెప్పిరి. కావున శరణాగతి ఏమరుపాటునకు అనుమతి కాదు. మ్రొక్కు చెల్లించునపుడు, "ఇది నాకు వచ్చిన ఆపదయా, నేను చేసిన ప్రమాదమా?" అని భక్తుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ప్రమాదమే యైనచో కానుకతోపాటు క్షమాపణమును, ఇకపై మెలకువతో నుందునను సంకల్పమును సమర్పించుట తగును.