గోడమీది నీటిగీత

2006 ఆగస్టులో తాపీనది సూరతు నగరమును ముంచెత్తినది. ఉకాయి జలాశయమునుండి విడిచిన నీరు ఇండ్లలోనికి చొచ్చి, వరద తీసినపుడు గోడలపై బురదగీతను విడిచిపోయినది. తడిగోడకు పూసిన రంగు నిలువదు. లోని చెమ్మ దానిని పెచ్చులు పెచ్చులుగా రాల్చును. కావుననే గోడలు ఆరిన శీతకాలమే ఇంటిని అలంకరించుటకు తగినది. అప్పుడు ఆ గీతను చెరిపివేయవచ్చునా? అనుదినము ఆపదను చూచుచు పెరుగుడని పిల్లలను శాసించుట క్రూరత్వము. నీరెంత ఎత్తు వచ్చినదో వారికి తెలుపకుండుట అంతకంటె పెద్ద అపరాధము. నది ఇంకను ఊరిలోనుండియే పారుచున్నది. గోడలన్నిటికి రంగు వేసి, తలుపు వెనుక ఆ ఎత్తున ఒక్క గుర్తు మిగిల్చిన గృహస్థు, ఇంటికి అందమును, బిడ్డలకు సత్యమును ఇచ్చినవాడగును.