గడువు ఎవరికొరకు?

అన్యాయము నిజముగా జరిగియుండగా, ఫిర్యాదు ఆలస్యముగా వచ్చినదను కారణముచేత న్యాయస్థానము తలుపు మూయుట ధర్మమా? ఈ ప్రశ్న వకీళ్లకు విడిచిపెట్టదగినది కాదు.

కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైలులో 1977వ సంవత్సరమున జరిగిన సంగతి చూడుడి. రిమాండులోనున్న తండ్రీకుమారులు ఒకే గదిలో ఉంచబడిరి. మే 5వ తేది రాత్రి గడచి 6వ తేది తెల్లవారకమునుపే కొందరు జైలులో చొరబడి ఆ గదిలోనికి బాంబులు విసరిరి. తండ్రి మరణించెను, కుమారుడు గాయములతో బ్రదికెను. కాపలాలో నిర్లక్ష్యము జరిగినదని కుటుంబమువారు నష్టపరిహారమునకై ప్రభుత్వముమీద దావా వేసిరి. జైలు నడుపుట సార్వభౌమాధికార కార్యము గనుక తాము బాధ్యులము కామనియు, దావాకు గడువు దాటిపోయినదనియు ప్రభుత్వపక్షము వాదించెను. క్రింది కోర్టు రెండు మాటలను అంగీకరించి దావాను కొట్టివేసెను.

1963 నాటి కాలపరిమితి చట్టములో, చట్టమును అనుసరించి చేసిన పనివలన కలిగిన నష్టమునకు ఒక్క సంవత్సరమే గడువు. విధిని నమ్మకముగా నెరవేర్చిన ఉద్యోగికి అది ఒక నీడ. అయితే ఖైదీని కాపాడకుండ విడిచిపెట్టుమని ఏ చట్టము చెప్పినది? ఆ నియమము ఇక్కడ చెల్లదనియు, మూడు సంవత్సరముల గడువే వర్తించుననియు హైకోర్టు తీర్పుచెప్పి, 1,44,000 రూపాయలు వడ్డీతో చెల్లింపుమనెను. ప్రభుత్వము మరల అప్పీలు చేయగా, 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచెను. ఖైదీయైనను మనుష్యుడే, అతని ప్రాణమునకును రాజ్యాంగము కాపుదల ఇచ్చుచున్నదని పలికెను. ఒక్క సంవత్సరము దాటినదని గడువు ఎంచిన ఆ వ్యాజ్యము ముగియుటకు ఘటన జరిగిననాటినుండి 23 సంవత్సరములు పట్టెను!

గడువు దానంతట అది చెడ్డది కాదు. సాక్షులు మరణింతురు, జ్ఞాపకము మాసిపోవును. ఎవనిమీదను జీవితకాలమెల్ల వ్యాజ్యభయము వ్రేలాడదీయుట న్యాయము కాదు. అయినను ఆలస్యపు నష్టము అందరిమీద సమముగా పడదు. మన జహీరాబాదు చెరకు రైతునడుగుడి: కోసిన చెరకు ఎండలో నిలిచినకొలది తూకము తగ్గును, ఆ నష్టము వేచియున్నవానిదే. చెరలోనున్నవానికిని అంతే. కాగితము, తపాలా, వకీలు, బయటి కబురు, అన్నియు ఇతరుల చేతిలోనున్నవి. దినములు మాత్రము అతని ఖాతాలో లెక్కింపబడుచున్నవి.

ఇంగ్లండులో 1623 నాటి చట్టము చెరలోనున్నవాని విషయములో ఆ లెక్కను ఆపియుంచెను. మన చట్టము మైనరుకును మతిస్థిమితము లేనివానికిని ఆ కనికరము చూపుచున్నది. ఖైదీ పేరు అందులో లేదు.

అధిపతియైన ఫేలిక్సు పౌలు వ్యాజ్యమును వాయిదా వేసి, రెండేండ్లు అతనిని బంధకములలోనే విడిచిపెట్టెను. ఆలస్యము చేసినవాడు ఒకడు, దానిని అనుభవించినవాడు వేరొకడు. కాబట్టి "నీవు ఆలస్యముగా వచ్చితివి" అని ఎవనితోనైనను చెప్పకమునుపు, అతని కాళ్లు ఎవరు కట్టిరో విచారించుట మన విధి. గడువు ఇరువురిని సమానముగా కొలిచినప్పుడే అది న్యాయపు కొలత.

ఇందులో మనము చేయగల చిన్న పనియు కలదు. శిక్షపడినవానికి తీర్పు నకలును ఉచితముగా, ఆలస్యము లేక అందజేయవలెనని సుప్రీంకోర్టు 1978లోనే ఆజ్ఞాపించెను. మరణశిక్షగాని యితర శిక్షలమీద హైకోర్టుకు అప్పీలు చేయుటకు గడువు 60 దినములు. ఖైదీ తన అప్పీలును జైలు అధికారికే ఇచ్చి పంపింపవచ్చును. చెరసాలను దర్శింప వెళ్లువారు పండ్లును పుస్తకములును ఇచ్చుటతో సరిపెట్టుకొనక, "అన్నా, నీ తీర్పు నకలు చేతికి వచ్చినదా? ఇంక ఎన్ని దినములున్నవి?" అని అడుగుదురుగాక.