పదును ఆరకముందే

గార్లదిన్నె ప్రాంతపు సేద్యము ఎరిగిన మనకు ఒక సంగతి తెలియును. మన అనంతపురము జిల్లాలో ఏడాది సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. జూన్, జూలై నెలలలో ఒక వాన పడి ఎర్రనేల పదునైనప్పుడు, ఇంకొక వాన రానిమ్మని గట్టుమీద కూర్చున్నవాని వేరుశనగ విత్తనము సంచిలోనే ఉండిపోవును.

బ్రతుకు విషయములోను మనము ఆలాగే కూర్చుండుచున్నాము. అప్పు తీరిన తరువాత కూతురి ఊరు చూచి వత్తుమనియు, పిల్లల పెండ్లిండ్లు అయిన తరువాత అక్షరములు నేర్చుకొందుమనియు, పంట చేతికి వచ్చిన తరువాత అలిగిన అన్నతో మాటలాడుదుమనియు అనుకొనుచున్నాము. అంతవరకు అన్న ఉండునా?

విన్సెంట్ ఫెర్రర్ గారు 1968లో ఈ దేశము విడిచి వెళ్లవలసి వచ్చెను. 1969లో తిరిగి వచ్చి అనంతపురములో క్రొత్తగా పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఏబది యేండ్లు సమీపించెను. వయస్సు మీరినదని ఆయన అనుకొనలేదు. 2009లో కన్నుమూయువరకు ఇక్కడివారి మధ్యనే బ్రతికెను.

పదును లేనిదే విత్తుట తొందరపాటు. పదునుండగా విత్తకుండుట భయము. విత్తిన తరువాత వాన మొగము చాటువేయవచ్చును, ఆ నష్టము మనకు క్రొత్త కాదు. అయినను విత్తనివానికి ఎదురుచూచుటకైనను ఏమియు లేదు. ప్రసంగి 11వ అధ్యాయము మనకు నేర్పునదియు ఇదే.

ఈ సాయంకాలమే అన్న ఇంటి తలుపు తట్టుదము.