చేపల చెరువు కూడా అమానతే

 

ఆత్రేయపురం పేరు వినగానే ఎవరికైనా పూతరేకులే గుర్తుకొస్తాయి. 2023లో ఆ మిఠాయికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అదే కోనసీమలో కొబ్బరితోటల పక్కన, ఒకప్పుడు వరి పండిన చేలల్లో ఇప్పుడు చేపల చెరువులు కనిపిస్తాయి. ఆ వైపు ఒక చెరువును కౌలుకు తీసుకున్న సోదరుడు ఆ మధ్య ఇలా అడిగాడు: “తేనెటీగల నుంచి తీసిన మందు మేతలో కలిపితే చేపలకు జబ్బులు రావట, త్వరగా ఎదుగుతాయట. తేనెలో స్వస్థత ఉందని ఖుర్ఆనే చెబుతోంది కదండీ! ఇక ఆలోచించకుండా వాడేయవచ్చా?”

ఇది చెరువు ఉన్నవారికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. చేప కొని వండుకునే ప్రతి ఇంటికీ ఇది అవసరమే.

దివ్యఖుర్ఆన్ 16వ సూరా పేరు ‘అన్‌నహ్ల్’, అంటే తేనెటీగ. అందులో 14వ ఆయతు, సముద్రం నుంచి మనకు తాజా మాంసం అందించిన దైవానుగ్రహాన్ని గుర్తుచేస్తుంది. 68, 69 ఆయతులు తేనెటీగకు దైవం నేర్పిన విద్యను, దాని కడుపు నుంచి వెలువడే పానీయంలో మానవులకు ఉన్న స్వస్థతను తెలుపుతాయి. చివరకు ఇందులో ఆలోచించేవారికి నిదర్శనం ఉందంటాయి. కనుక ఆలోచించకుండా వాడటం ఆ ఆయతు నేర్పే పాఠం కాదు.

చేపల మేతలో ఎక్కువగా పరీక్షించి చూసింది తేనెను కాదు, ‘ప్రొపోలిస్’ అనే జిగురును. తేనెటీగలు చెట్ల మొగ్గల నుంచి, బెరడు నుంచి బంకను తెచ్చి, మైనంతో కలిపి గూటి పగుళ్లు పూడుస్తాయి. గూట్లో ఎలుక చస్తే, బయటికి లాగలేని ఆ కళేబరం కుళ్లకుండా ఈ జిగురుతోనే కప్పేస్తాయి. సూక్ష్మక్రిములను అణచే ఆ గుణాన్ని చూసే శాస్త్రవేత్తలు దీనిని తిలాపియా, ట్రౌట్ చేపల మేతలో కలిపి చూశారు. కొన్ని పరీక్షల్లో రోగనిరోధక శక్తి, ఎదుగుదల మెరుగయ్యాయి. మరికొన్నింటిలో ఎదుగుదలలో తేడా కనిపించలేదు. చెట్టు మారితే జిగురు గుణమూ మారుతుంది. మన ప్రాంతపు పుట్టతేనెటీగ ఈ జిగురును దాదాపు సేకరించదు. పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగ సేకరిస్తుంది. దీనిని సాధారణంగా ఆల్కహాల్‌లో కరిగించి తీస్తారు. కనుక ఎక్కడిది, ఎలా తీశారు అని అడగాలి, సందేహముంటే ఉలమాలను సంప్రదించాలి.

సోదరులారా! ఆయతులో ఉన్నది మానవులకు స్వస్థతనిచ్చే పానీయం గురించి. దానిని చేపల మందు పొట్లానికి ప్రకటనగా అంటించడం ఖుర్ఆన్‌ను గౌరవించడం కాదు. ఆ మందు పనిచేస్తే అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకుందాం. పనిచేయకపోతే తప్పు మన అంచనాదే, దైవవాక్కుది కాదు.

ఇంతకూ అసలు పరీక్ష మందులో లేదు, మన మనసులో ఉంది. చెరువులో జబ్బు కనిపించగానే కొందరు యాంటీబయోటిక్‌లు గుమ్మరిస్తారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపలు, రొయ్యల పెంపకంలో నిషిద్ధమని తెలిసి కూడా కక్కుర్తి పడేవారు లేకపోలేదు. ఆ మందుల అవశేషాలు చేపలో మిగులుతాయి, వాటికి లొంగని క్రిములు పెరుగుతాయి. కొనేవాడి కంటికి ఇవేవీ కనిపించవు.

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టగా లోపల తడి తగిలింది. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వ్యాపారిని నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. చేప లోపలి మందు కూడా రాశి అడుగున దాచిన తడే! 2018 జూలైలో ఫార్మాలిన్ ఆనవాళ్లు దొరికాయని అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపలను కొన్నాళ్లు ఆపేసినప్పుడు, నిజాయితీగా పెంచిన ఆంధ్ర రైతులు కూడా ఆ నష్టంలో పాలు పంచుకోవలసి వచ్చింది. ఒకరి మోసం అందరి ఉపాధినీ దెబ్బ తీస్తుంది.

అందుచేత ఆ సోదరునికి చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. ముందు చెరువును చూసుకో. పరిమితికి మించి పిల్లలను వదలకు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ప్రాణవాయువు చాలడం లేదని గ్రహించు. తవుడు, చెక్క ఎక్కువైతే నీరే చెడుతుంది. కొత్త మేత ఏదైనా సరే, మత్స్యశాఖ వారిని అడిగి ముందు ఒక చిన్న చెరువులో చూడు. వేరొక చెరువుతో పోల్చి, తూకాలు రాసిపెట్టుకో. మందు వాడవలసి వస్తే దాని ప్రభావం పోయే గడువు తీరేదాకా వల వేయకు. నీ పిల్లల పళ్లెంలో వడ్డించలేని చేపను మరొకరి పిల్లలకు అమ్మకు.

చిన్న ఈగ తన గూటికి హాని చేసేదాన్ని లోపల దాచుకోదు, పైకి పొక్కకుండా మూసేస్తుంది. వివేకం ఉన్న మనిషి అంతకన్నా తక్కువగా ప్రవర్తించవచ్చా?

అల్లాహ్ మన సంపాదనను హలాల్‌గా, మన ఆహారాన్ని పరిశుద్ధంగా ఉంచుగాక! కొనేవారి ముందూ, ప్రళయదినాన తన ముందూ తలవంచుకునే స్థితి మనకు రాకుండా కాపాడుగాక! ఆమీన్.