నీడయే స్మారకము

మహనీయుని గౌరవించుటకు లోకమెరిగిన మార్గములు రెండు. ఆయన పేరును శిలపై చెక్కించుట యొకటి; ఆయన చేసిన పనిని కొనసాగించుట రెండవది. మొదటిది ఒక్క దినములో ముగియును. రెండవది ఏనాటికిని ముగియదు. వీనిలో నిజమైన గౌరవ మేది?

వంగదేశమున బోల్పూరు చెంత శాంతినికేతనము కలదు. 1863లో మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు అచ్చటి ఏడాకుల పాల చెట్ల నీడకు ఆకర్షితుడై ఆ భూమిని గ్రహించెనని చెప్పుదురు. ఆయన కుమారుడు రవీంద్రుడు బాల్యమున బడి గోడల మధ్య ఇమడలేక చదువు విడిచినవాడు. పెద్దవాడైనను ఆ బాధను మరువలేదు. 1901లో అయిదుగురు విద్యార్థులతో అచ్చట బ్రహ్మచర్యాశ్రమమును స్థాపించి, చెట్ల నీడనే తరగతి గదిగా చేసెను. గురువు చెట్టు మొదట కూర్చుండును. పిల్లలు తమ ఆసనములను తామే తెచ్చుకొని చుట్టును కూర్చుందురు. గాలియు, పక్షుల కూతయు పాఠమునకు ఆటంకములు కావు; పాఠములోని భాగములే. 1928లో ఆయన వృక్షారోపణోత్సవమును ప్రారంభించెను. నీడ నిచ్చిన చెట్టునకు బడి తీర్చవలసిన ఋణ మది. రవీంద్రుని కృతులను తెనిగించిన బెజవాడ గోపాలరెడ్డి ఆ విద్యాలయముననే చదివెను.

2023లో శాంతినికేతనము యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినది. ఆ కీర్తికి గుర్తుగా నిలిపిన ఫలకములపై పదవులలో నున్నవారి పేర్లుండి, రవీంద్రుని పేరు లేకపోవుటచే వివాదము చెలరేగెను. ఆ ఆగ్రహము న్యాయమైనదే. దాతను మరచుట కృతఘ్నత. అయినను ఒక ప్రశ్న మిగులుచున్నది. శిలపై పేరు చెక్కి, పిల్లలను మరల గోడల నడుమ బంధించినచో అది అంతకు మించిన మరపు కాదా?

ఎండ, వాన, పరీక్షల ఒత్తిడి కలవు. ప్రతి బడియు తోపులో నడువజాలదని కొందరందురు. అది సత్యమే. కాని చెట్టు క్రింద కూర్చుండబెట్టి బెత్తముతో వల్లె వేయించినచో అచ్చటను గోడలు లేచినట్లే. రేకుల కప్పు క్రిందనైనను పిల్లవాని ప్రశ్నకు చోటిచ్చి, వాకిటి మొక్కను చూపి పాఠము చెప్పినచో అచ్చట ఆ నీడ పరచుకొన్నట్లే. కనుక స్మారకము శిలయును కాదు, కేవలము చెట్టును కాదు. భయము లేక నేర్చుకొను బాలుని మనస్సే.

పాఠశాలలకు పెద్దల పేర్లు పెట్టు గృహస్థులును, మఠములును ఈ విషయమును విచారింపవలెను. పేరు పెట్టుటతో బాధ్యత తీరదు, అప్పుడే ఆరంభమగును.